అప్పుడప్పుడు మద్దెల నిజంగానే ఓడు

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళ మధ్య ఒక పూట కూర్చోండి. మాటలు ఎటు మొదలైనా చివరికి ఒక్క చోటికే చేరతాయి. "నా గిటార్‌లో ఆ టోన్ రావట్లేదురా, మార్చేద్దామనుకుంటున్నా." ఏ గిటార్ కొనాలో చెప్పడానికి పది మంది సిద్ధంగా ఉంటారు. "తీగలు మార్చి ఎన్నాళ్ళయింది?" అని అడిగే పుణ్యాత్ముడు ఒక్కడూ ఉండడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనకో సామెత ఉంది. నేర్పేవాళ్ళకి అది చేతికి దగ్గరగా ఉండే బెత్తం. నేనూ ఆ దెబ్బలు తిన్నవాణ్ణే. కానీ పదిహేనేళ్ళుగా నా గిటార్లు నేనే విప్పుకుంటూ, బిగించుకుంటూ, కొన్ని పాడుచేసి కొన్ని బాగుచేసుకుంటూ వచ్చాక ఆ సామెత మీద నాకు నమ్మకం సగానికి పడిపోయింది. మద్దెల చాలాసార్లు నిజంగానే ఓడు. కాకపోతే దాన్ని బాగుచేయించకుండా మూలన పడేసి ఇంకో ఓటి మద్దెల తెస్తాం. తెచ్చి, రెండిటినీ పక్కపక్కన పెట్టి దీని నాదం గొప్పా దానిది గొప్పా అని రాత్రి రెండింటిదాకా వాదించుకుంటాం. నా తగువంతా ఈ పోలికలతోనే. సెటప్, అంటే తీగలూ మెడా శ్రుతీ కుదిర్చే పని, సరిగ్గా లేని రెండు గిటార్లను పోల్చి ఎవరేం చెప్పినా నేను వినను. చెప్పేవాడు ఎంత బాగా వాయించేవాడైనా సరే.

నా మొదటి మంచి గిటార్ ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ మోడల్ తరహాది. దాని మూడో తీగ నా ప్రాణం తీసేది. శ్రుతి చేసి ఒక పాట పూర్తయ్యేలోపు దిగిపోయేది. మళ్ళీ తీగ బిగించే కీ తిప్పితే కాసేపు ఉలకదు, పలకదు. ఆ తర్వాత టింగుమని ఒక్కసారిగా పైకి గెంతేది. కీలు పాడయ్యాయని నాకు నేనే తీర్పు చెప్పుకుని, తీగను పట్టి బిగించే లాకింగ్ ట్యూనర్లు ఆరూ కొని వేశాను. ఎంత నున్నగా తిరిగేవో! మూడో తీగ మాత్రం యథాప్రకారం టింగుమంది.

జబ్బు ఎక్కడుందో ఆ టింగే చెబుతోందని తట్టడానికి నాకు ఏడాది పట్టింది. మెడ చివర తీగలు కూర్చునే చిన్న పట్టీ ఉంటుంది కదా, నట్. అందులో ఒక్కో తీగకి ఒక్కో గాడి. గిటార్ నా చేతికి వచ్చినప్పుడు దాని మీద 9 నంబరు సెట్ ఉంది. అంటే అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు, లావుది 42. నేను గొప్పకి పోయి 10 సెట్ వేశాను. మూడో తీగ 16 నుంచి 17కి, ఆరోది 42 నుంచి 46కి పెరిగాయి. గాడులు మాత్రం పాతవే. ఇరుకు చెప్పులో కాలు దూర్చినట్టు తీగ గాడిలో బిగుసుకుపోయింది. బెండ్ చేసినప్పుడు, అంటే స్వరం పెంచడానికి తీగను పక్కకి లాగినప్పుడు, కీ వైపు నుంచి తీగ రవ్వంత ఇవతలికి జారుతుంది. వదిలాక తిరిగి వెళ్ళలేక అక్కడే ఆగిపోతుంది. శ్రుతి దిగేది అందుకే. పాత తీగ ముక్కకి సన్న శాండ్ పేపర్ చుట్టి, లోతు పెరగకుండా పక్కలు మాత్రం నాలుగు సార్లు రుద్ది, పెన్సిల్ ములుకు గాడిలో గీశాను. గ్రాఫైట్ జారుడు పదార్థం, తీగ హాయిగా కదులుతుంది. పని మొత్తం పది నిమిషాలు. పీకేసిన పాత కీలు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి. వాటికి ఏ జబ్బూ లేదు.

తీగల మందం మారిస్తే గాడితోనూ పోదు. స్కేలు, అంటే నట్ నుంచి అవతలి చివర దాకా మోగే తీగ పొడవు, 648 మిల్లీమీటర్లున్న గిటార్ మీద 9 సెట్ ఆరు తీగలూ కలిసి మెడను సుమారు 38 కిలోల బలంతో లాగుతాయి. 10 సెట్ అయితే 46 కిలోలు. ఎనిమిది కిలోల లాగుడు పెరిగితే చెక్క మెడ ముందుకు వంగకుండా ఉంటుందా? దానికి విరుగుడుగానే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ పెడతారు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1920లలోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. నూరేళ్ళు దాటినా దాన్ని ముట్టుకోవాలంటే ఇంకా భయపడేవాళ్ళున్నారు. పావు చుట్టు తిప్పి, ఆగి, చూసి, మళ్ళీ పావు చుట్టు తిప్పేవాడి చేతిలో అది విరగదు. మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు, పెట్టండి. మెడ ఒంటితో కలిసే చోట అదే తీగను వేలితో నొక్కి పట్టండి. ఇప్పుడు ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లుంటే బాగున్నట్టే. ఎక్కువుంటే రాడ్ బిగించాలి, అసలు సందే లేకపోతే వదులు చేయాలి. ఇది తేలాకే ఒంటి మీద తీగలు ఆనే శాడిల్ ఎత్తు. ఎత్తు తేలాకే ఇంటొనేషన్, అంటే మెడ పొడుగునా శ్రుతి సరిగ్గా పలికేలా చూడటం. 12వ ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆనకుండా పలికించే హార్మోనిక్ ఒకసారి, నొక్కి ఒకసారి మోగించి, నొక్కింది పైకి పలికితే శాడిల్ వెనక్కి జరపాలి. కొత్త తీగలతోనే చూడాలి. చెమట తిని నల్లబడిన తీగతో ఇంటొనేషన్ చూసుకోవడం అంటే వంకర స్కేలుతో గీత గీయడమే. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేస్తారు. నేను మూడు సార్లు చేశాను.

అందరూ అన్నీ స్వయంగా చేసుకోవాలని చెప్పట్లేదు. కానీ ఏం జరుగుతోందో తెలియకుండా ఎవరికైనా అప్పగిస్తే ఇలా ఉంటుంది. నట్ పని నాకెందుకులే అని ఇంకో గిటార్‌ని ఒక రిపేరు చేసేవాడికి ఇచ్చాను. గాడులు మరీ లోతుగా దించేశాడు. తీగను నొక్కకుండా మోగిస్తే జర్రుమంటోంది, ఏ ఫ్రెట్ మీద నొక్కినా శుభ్రంగా ఉంది. నట్ గాడి లోతెక్కువైతే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కి తగులుతుంది, ఆ గుర్తు ఇదే. "మీ తీగలు నాసిరకంవి సార్" అన్నాడు. అప్పటికి నాకు ఇదంతా తెలియదు కనుక ఇంకో సెట్ తీగలు కొన్నాను, అవీ జర్రుమన్నాయి. చివరికి ఎముక ముక్క తెచ్చి నట్ నేనే చెక్కుకున్నాను. ఎముకను ఆకురాయితో రుద్దుతుంటే అచ్చం పంటి డాక్టరు గదిలో వాసన వస్తుంది. ముందే చెబుతున్నాను, కిటికీ తెరిచి పెట్టుకోండి.

ఈ మరమ్మతు బుద్ధి గిటార్‌కి పరాయిదేం కాదు. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇప్పటి రూపం ఇచ్చినవాళ్ళలో లియో ఫెండర్ ముందు వరసలో ఉంటాడు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో వచ్చి, గ్రెచ్ వాళ్ళ డ్రమ్ముల పేరుతో గొడవ రావడంతో 1951లో టెలికాస్టర్‌గా మారిన ఆయన గిటార్‌ని ఒక్కసారి విప్పి చూడండి. మెడ ఒంటికి నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. మెడ పాడైతే ఇంకో మెడ. నాబ్‌లన్నీ ఒకే పలక మీద, రెండు స్క్రూలు తీస్తే వైరింగ్ మొత్తం చేతిలోకి వస్తుంది. రేడియో మెకానిక్ బుర్ర ప్రతి స్క్రూలోనూ కనిపిస్తుంది. ఈ వాద్యాన్ని విప్పడం తప్పు కాదు, విప్పడానికే చేశారు.

సరే, పోలికల సంగతి.

నా దగ్గర టెలికాస్టర్ ఒకటి, గిబ్సన్ వాళ్ళ లెస్ పాల్ మోడల్ తరహాది ఒకటి ఉండేవి. రెండోది "మసక" అని నా ఫిర్యాదు. కంబళి కప్పుకుని పాడినట్టు ఉండేది. దానికున్న హంబకర్లు (తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్‌లలో ఒక రకం) అంతేలే అనుకున్నాను. 1950ల నడుమ గిబ్సన్‌లో సెత్ లవర్ కనిపెట్టిన హంబకర్‌లో రెండు చుట్టలు ఎదురెదురుగా కలిపి ఉంటాయి, ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కి ఉండే కరెంటు రొద అందులో రద్దయిపోతుంది. ఆ లాభంతో పాటు పైస్థాయి మెరుపు కాస్త తగ్గుతుంది. అది నిజమే. కానీ ఎంత తగ్గాలి? ఒక స్నేహితుడు వచ్చి రెండూ వాయించి చూసి, "ఒరేయ్, దానికున్న కేబుల్ దీనికి పెట్టు" అన్నాడు. అప్పటిదాకా నేను గమనించనేలేదు. టెలికాస్టర్‌కి ఎప్పుడూ 3 మీటర్ల కేబుల్ తగిలించి ఉండేది. రెండోదానికి ఎప్పుడో కొన్న 10 మీటర్ల చుట్టల కేబుల్. మార్చడానికి బద్ధకం.

కేబుల్‌తో ఏమవుతుందని కొట్టిపారేసేవాళ్ళ కోసం లెక్క చెబుతాను. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు తిరిగిన చుట్ట. స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) పికప్‌లో సుమారు 8,000 చుట్లు. ఆ చుట్టకి ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుని అడ్డుకునే గుణం, ఉంటుంది. కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్, అంటే విద్యుత్తును కాస్త నిల్వ చేసుకునే గుణం, ఉంటుంది. రెండూ కలిసి ఒక చోట స్వరాన్ని ఎత్తి పట్టి, ఆ పైనున్నదంతా కోసేస్తాయి. 2.5 హెన్రీల సింగిల్ కాయిల్‌కి 3 మీటర్ల కేబుల్ పెడితే ఆ ఎత్తు 5,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 10 మీటర్లది పెడితే 3,000కి జారుతుంది. హంబకర్ ఇండక్టెన్స్ ఇంకా ఎక్కువ కనుక ఇంకా కిందికి. నేను కంబళి అని తిట్టింది సగం కేబుల్‌నే. రెండిటికీ ఒకే కేబుల్ పెట్టాక తేడా పోలేదు, పోకూడదు కూడా. కానీ మిగిలిన తేడా గిటార్లది. అంతకుముందు నేను పోల్చింది గిటార్లను కాదు, నా బద్ధకాన్ని.

ఆ మధ్యాహ్నం ఇద్దరం పట్టుదలగా ఇంకో పరీక్ష పెట్టుకున్నాం. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి రెండు గిటార్ల వాల్యూమ్ సమానం చేశాం. ఇది చాలామంది వదిలేసే పని. మన చెవి మెల్లని శబ్దంలో అడుగుస్థాయినీ పైస్థాయినీ తక్కువగా వింటుంది, శబ్దం పెరిగేకొద్దీ అవి నిండుగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి కాస్త బిగ్గరగా మోగేది ఎప్పుడూ "నిండుగా, గొప్పగా" ఉంటుంది. వాడు వాయిస్తుంటే నేను గోడ వైపు తిరిగి కూర్చుని ఏది ఏదో చెప్పాలి. శుభ్రమైన టోన్‌లో ప్రతిసారీ సరిగ్గా చెప్పాను. స్వరాన్ని గరగరలాడించే డిస్టార్షన్ బాగా పెంచి, టెలికాస్టర్ బ్రిడ్జ్ (శాడిళ్ళుండే చోటు) దగ్గరి పికప్‌కి టోన్ నాబ్ సగానికి దించాక తడబడ్డాను. పది సార్లలో నాలుగు తప్పు. మొహం మాడ్చుకుని మళ్ళీ మొదటి నుంచి చేద్దామన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది. ఒకటి పలుకుతుంది, ఇంకోటి పలకదు. అంతా చెక్క మహిమ!" ఈ మాట మీరూ వినే ఉంటారు. సింగిల్ కాయిల్ గిటార్లలో వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్ (తిప్పితే నిరోధం మారే భాగం) మీద మామూలుగా 250 కిలోఓమ్‌లని రాసి ఉంటుంది. మామూలు పాట్‌లకి 20 శాతం అటూ ఇటూ తేడా తయారీలోనే అనుమతిస్తారు. అంటే 200 ఉన్నా 300 ఉన్నా అది 250దే. అలాంటి రెండు గిటార్లలో మీటర్ పెట్టి చూస్తే ఒకటి 212, ఇంకోటి 281. తక్కువ విలువ పాట్ పికప్ మీద ఎక్కువ భారం వేసి పైస్థాయిని మెత్తబరుస్తుంది. పలకని చెక్కగా పేరుపడ్డ గిటార్లో 212ది తీసి 270ది వేస్తే చెక్కకి ఉన్నట్టుండి మహిమ వచ్చేసింది. చెక్కకి ప్రభావమే లేదని నేననను. అంత మాట అనాలంటే మిగతావన్నీ సమానం చేసి చూడాలి, అలా చూసి మాట్లాడేవాళ్ళు దొరకరనే నా బాధ. అందరూ మొక్కే 1950ల నాటి గిబ్సన్ హంబకర్లే తీసుకోండి. చుట్ల లెక్క ఒక్కలా ఉండదు, అయస్కాంతం రకమూ ఒక్కలా ఉండదు. ఒకదానికొకటి కవలలు కానివాటిని చూపించి "ఆ టోన్" అని ఏకవచనంలో ఎలా మాట్లాడతారో!

పికప్ ఎత్తు సంగతీ అంతే. రెండు పక్కలా ఉండే స్క్రూలు పికప్‌ని తీగలకి దగ్గరగా, దూరంగా జరుపుతాయి. ఖర్చులేని పని. స్ట్రాట్‌లో మరీ దగ్గరగా జరిపితే అయస్కాంతాలు తీగనే లాగేసి లావు తీగల మీద అపశ్రుతి పలికిస్తాయి. అది విని ఇంటొనేషన్ చెడిందనుకుని శాడిళ్ళతో కుస్తీ పట్టేవాళ్ళని చూశాను. కొత్త పికప్‌లు కొనే ముందు ఒక సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోండి.

స్వరం మార్చే కాలి పెడళ్ళ గురించి ఎక్కువ చెప్పను, నాకు వాటి పిచ్చి తక్కువ. ఒక్కటి మాత్రం: టోన్ నాబ్ కెపాసిటర్ ఏ కంపెనీది, నూనెలో ముంచిన కాగితమా సిరామిక్కా అని వారాలు చర్చించేవాళ్ళు శబ్దం పెంచే ఆంప్‌లో ఏ స్పీకర్ ఉందో చూసుకోరు. 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక నిట్టనిలువుగా పడిపోతుంది. మొత్తం గొలుసులో స్వరాన్ని అన్నిటికన్నా గట్టిగా మలిచేది అదే. రికార్డు చేసేటప్పుడు మైకును స్పీకర్ నడిమధ్య నుంచి అంచు వైపు రెండు వేళ్ళు జరిపి చూడండి, ఏ కెపాసిటరూ అంత తేడా తేలేదు. (వాల్వ్ ఆంప్ లోపలికి మాత్రం చేయి పెట్టకండి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో 400 వోల్టులు కాచుకుని కూర్చుంటాయి. అన్నీ విప్పే నేను కూడా దాన్ని విప్పను.)

చేసుకోవలసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జాక్. కేబుల్ దూర్చే రంధ్రం దగ్గర బిళ్ళ వదులవుతుంది. మనం బయట నుంచి బిగిస్తాం. లోపల జాక్ కూడా దాంతో పాటే తిరుగుతుంది. వైర్లు మెలిపడతాయి, ఒక రోజు సరిగ్గా నలుగురి ముందు శబ్దం ఆగిపోతుంది. నాకు అదే జరిగింది. ఇంటికొచ్చి పలక విప్పితే ఒక వైరు ఊడి వేలాడుతోంది. దాని పాత సోల్డర్ బూడిద రంగులో, గరుకుగా, చీమిడి ముద్దలా ఉంది. ఎవరో సోల్డరింగ్ ఐరన్ మొన మీద సోల్డర్ కరిగించి చుక్కలా పడేశారు, కింద లోహం వేడెక్కనే లేదు. అలాంటి అతుకు కొన్నాళ్ళు పనిచేసినట్టు నటిస్తుంది. పాతదంతా పీల్చేసి, వైరు కొన చెక్కి, ఐరన్‌ను వైరుకీ జాక్ రేకుకీ ఒకేసారి ఆనించి మనసులో మూడంకెలు లెక్కపెట్టి, అప్పుడు సోల్డర్ తీగను ఐరన్‌కి కాకుండా రేకుకి తాకించాను. 63/37 సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత నీళ్ళలా పాకి రేకు అంతా పట్టుకుని, చల్లారుతూ అద్దంలా మెరిసింది. బిళ్ళ బిగించేటప్పుడు లోపల జాక్‌ని వేలితో పట్టుకున్నాను. అది మూడేళ్ళ కిందటి మాట, ఇంకా కదల్లేదు.

ఇంత చేశాక కూడా గిటార్లు వేరువేరుగానే ఉంటాయి. అసలైన తేడాలు అప్పుడే బయటపడతాయి. స్కేలు 648 మిల్లీమీటర్ల నుంచి 628కి తగ్గితే అదే తీగ అదే శ్రుతికి సుమారు 6 శాతం తక్కువ బిగువుతో చేరుతుంది, బెండ్ చేసే వేలికి తెలుస్తుంది. గిబ్సన్ తరహాలో తల వెనక్కి వాలి ఉంటుంది, స్టాండ్ మీంచి పడితే మెడ అక్కడే పుటుక్కుమంటుంది. బరువు భుజానికి తెలుస్తుంది. మెడ వెనుక గుండ్రనా, చదునా అన్నది బొటనవేలికి తెలుస్తుంది. వీటిని ఏ స్క్రూడ్రైవరూ మార్చలేదు. గిటార్ మార్చాలంటే ఇవీ కారణాలు.

నా లెస్ పాల్ తరహా గిటార్‌కి చివరికి జరిగింది అదే. కొత్త నట్, చిన్న కేబుల్, మంచి పాట్‌లు, ఇంటొనేషన్ అన్నీ అయ్యాక అద్భుతంగా పలికింది. మెడ మాత్రం నా చేతికి లావు. అరగంట వాయిస్తే బొటనవేలి మొదట్లో నొప్పి. మూడేళ్ళుగా మసక, మొద్దు, చెక్క మంచిది కాదు అని ఏవేవో పేర్లు పెట్టి దాన్ని తిట్టింది ఈ నొప్పి వల్లేనేమో. వేరే ఫిర్యాదులన్నీ తీరిపోయాక అదొక్కటే మిగిలింది. ఏ కోపమూ లేకుండా అమ్మేశాను.

కొనుక్కోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. చేతివేళ్ళు పొడుగ్గా ఉన్నాయి, మెడ వాడి చేతిలో పుల్లలా ఉంది. ఒక కాగితం మీద అన్నీ రాసి పెట్టాను: 10–46 తీగలు, నట్ గాడులు వాటికే కోసినవి, మెడ సందు 0.25 మిల్లీమీటర్లు, పాట్‌ల విలువలు, తీగలు మార్చిన తేదీ. వాడు దాన్ని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"కేబుల్ ఏదైనా ఇస్తావా అన్నా?" అన్నాడు.

చుట్టల కేబుల్ అక్కడే మేకుకి వేలాడుతోంది. 3 మీటర్లది తీసి ఇచ్చాను.